మనసులోని భారము పరాయివారితో చెప్పుకొనవచ్చునా?



పట్టణములో ఫీజు పుచ్చుకొని మనోవేదన వినెడి కౌన్సెలర్ల యొద్దకు మన గ్రామములనుండియు కొందరు పోవుచున్నారు. పోవువారు చాటుగా పోవుచున్నారు. తెలిసినవారు, “ప్రార్థన చాలకనా? పాస్టరుగారు లేకనా?” అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

ఏలీయా సంగతి మనము ఎరుగుదుము (1 రాజులు 19). కర్మెలు మీద అంత విశ్వాసము చూపినవాడు బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు అతని అవిశ్వాసమును గూర్చి ప్రసంగము చేయలేదు. మొదట నిద్ర, రొట్టె, నీళ్లు. మరల నిద్ర, మరల రొట్టె. హోరేబు చేరిన తరువాత గాని ప్రశ్న రాలేదు. ఆ ప్రశ్నయైనను రెండుమారులు వచ్చెను. ఏలీయా రెండుమారులును ఒకే జవాబు చెప్పెను. చెప్పినదే చెప్పుచున్నావేమని దేవుడు గద్దింపలేదు. అలసిన మనసు ఒకే మాటను త్రిప్పి త్రిప్పి చెప్పును. దానిని ఓపికతో వినుట ఒక పని, అది నేర్చుకొనవలసిన పని.

కాబట్టి మొదటి దినముననే అద్భుతము జరుగునని తలంచి పోరాదు. ముప్పావుగంటయో గంటయో కూర్చుండబెట్టి అడుగుదురు: ఈ బాధ ఎన్నాళ్లనుండి? నిద్ర పట్టుచున్నదా? అన్నము సహించుచున్నదా? ఇంట ఎవరెవరున్నారు? చావవలెనన్న తలంపు ఎప్పుడైన వచ్చినదా? ఈ కడపటి ప్రశ్నకు ఉలికిపడనక్కరలేదు. అడిగినందున ఆ తలంపు పుట్టదు. ఉన్నయెడల చెప్పుకొనుటకు దారి దొరకును. సలహాలు తక్కువ చెప్పుదురు. ఇంటికి వచ్చునప్పటికి మనసు మరింత బరువెక్కినట్లు ఉండవచ్చును. పుండు కడిగిన దినమున మంట ఉండును గదా. కౌన్సెలరు మందులు వ్రాయడు, అవసరమైనచో మానసిక వైద్యుని యొద్దకు పంపును. ఏమి చదివితిరి, ఫీజు ఎంత అని మనమే ముందుగా అడుగుట అమర్యాద కాదు. బోర్డు కట్టిన ప్రతివాడును చదివినవాడు కాడు.

“డబ్బిచ్చి వినిపించుకొనుట యేమి ప్రేమ?” అను ఆక్షేపణ కలదు. గాని గ్రామములో మన మాట వినువారందరు మనకు చుట్టములో, గట్టు పంచుకొన్నవారో అయియుందురు. చిన్నాయనతో చెప్పినది అత్తగారి చెవిని పడును. కూటములో ప్రార్థనాంశముగా చెప్పిన సంగతి తెల్లవారులోగా బోరింగు యొద్ద వినబడుట కలదు. కోడలి గర్భము పోయిన సంగతియు, కుమారుని త్రాగుడును ఊరికి ఈలాగుననే తెలియుచుండును. అటుపిమ్మట ఆ కోడలు కూటమునకు రాకపోయినచో, భక్తి తగ్గినదందుము! పరాయివానికి మన పొలములో గాని పిల్లల పెండ్లి సంబంధములో గాని పాలు లేదు. ఫీజు చెల్లించి లేచి వచ్చితిమా, ఋణము తీరినది. రహస్యము కాపాడుట అతని వృత్తిధర్మము. చికిత్స పొందువారి సంగతులు గుప్తముగా ఉంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ చెప్పుచున్నది. ప్రాణాపాయము ఉన్నప్పుడు మాత్రము ఇంటివారికి తెలుపవచ్చును. ఆ హద్దు ఎక్కడనో మొదటి దినముననే అడిగి తెలిసికొనవలెను.

మరి పాస్టరుగారి సంగతి? పాపము ఒప్పుకొనుట వేరు, గాయము చూపుట వేరు. క్షమాపణ వార్తయు, ప్రభురాత్రి భోజనమును కౌన్సెలరు ఇయ్యలేడు. తండ్రి చేతి దెబ్బలు తిని పెరిగిన బిడ్డ భయమును పాపమని ఎంచి ఒప్పుకొనుమనుటయు న్యాయము కాదు. కొందరికి ఇద్దరును కావలెను. మన విశ్వాసమును ఎగతాళి చేయు కౌన్సెలరు దొరికినయెడల విడిచి మరియొకరి యొద్దకు పోవచ్చును. అందులో తప్పు లేదు.

ఫీజు ఇచ్చుకొనలేనివారికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ కలదు. 14416 నంబరుకు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగా మాట్లాడవచ్చును. రాత్రివేళ కూడ పలుకుదురు.