కుండీలో జువ్వి, చేలో చెరకు

బోన్సాయ్‌ని చూడగానే చాలామంది నోట ముందు వచ్చే మాట "పాపం". తిమ్మమ్మ మర్రిమాను నాలుగెకరాలకు పైగా పరుచుకుంటే, అదే జాతి చెట్టును మూరెడెత్తులో ఆపేయడం హింస కాదా అంటారు. అనకాపల్లిలో ఉండి ఈ మాట అనేముందు చెరకు తోటల వైపు ఓసారి చూడాలి. ఇక్కడి పరిశోధన కేంద్రం 1913 నుంచి చెరకు మీద పనిచేస్తోంది, ఇక్కడి బెల్లం మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. ఆ చెరకు గడను ముచ్చెలుగా నరికి పాతుతాం, గాలికి పడిపోకుండా ఆకులు మెలేసి జడచుట్లు వేస్తాం, నేలమట్టానికి కొట్టేసి ఆ మోళ్ల నుంచే మళ్లీ కార్శి తీస్తాం. దీన్ని సాగు అంటాం. కాబట్టి నరకడం, కట్టడమే పాపమనే వాదన నిలవదు.

చెరకు బతుకుతెరువు, బోన్సాయ్ సరదా కదా అనవచ్చు. ఈ అభ్యంతరం బలమైనదే. అవసరానికి దొరికే మినహాయింపు సరదాకు దొరకదు. అందుకే బోన్సాయ్ పెంచేవారి పూచీ ఎక్కువ. బోన్సాయ్ పుట్టు మరుగుజ్జు కాదు. కడియం నర్సరీలో కొన్న, మర్రికి చుట్టమైన జువ్వి బోన్సాయ్‌ని నేలలో పాతితే మామూలు చెట్టులా పెరుగుతుంది. చేలో వేరు తేమను వెతుక్కుంటూ పోగలదు, పళ్లెంలాంటి కుండీలో వేరుకు ఆ దారి లేదు. దారి మూసింది మనమే గనుక తేమ చూసుకోవాల్సిందీ మనమే. మట్టిలో వేలు గుచ్చి, పైపొర ఆరితే అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోయాలి. కొమ్మ వంచడానికి చుట్టిన తీగ బెరడులోకి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీయాలి, విప్పబోతే కొమ్మ విరగవచ్చు. రెండేళ్లకోసారి తొలకరికి వేళ్లు కొంత కత్తిరించి మట్టి మార్చాలి. ఎండ తగలని హాల్లో టీవీ పక్కన పెడితే జువ్వి ఆకు రాల్చేస్తుంది.

విస్తరించడమే మర్రి స్వభావం అనేవారికీ ఓ జవాబుంది. పిట్ట రెట్టలో పడిన విత్తు గోడ పగులులో మొలిచి, గుప్పెడు మట్టయినా లేకుండా ఏళ్ల తరబడి జానెడు మొక్కగా బతుకుతుంది. ఊడలు దించడమెంత సహజమో ఈ ఓర్పూ అంతే సహజం. అయితే ఓర్చుకుంటోంది కదా అని మన పూచీ తీరిపోదు. 1625 నుంచి తీర్చిదిద్దుతూ వచ్చిన ఒక జపాన్ పైన్ బోన్సాయ్ 1945లో హిరోషిమా బాంబును తట్టుకుంది. 1976లో దాన్ని బోన్సాయ్ కళాకారుడు యమాకి మసారు అమెరికాకు కానుకగా ఇచ్చారు. అంత ఆయుష్షు చెట్టు సుఖపడిందనడానికి రుజువు కాదు, తరాలు మారినా నీళ్లు పోసే చెయ్యి ఆగలేదనడానికి రుజువు. కత్తెర పట్టినవారికన్నా, పట్టి మధ్యలో వదిలేసినవారినే తప్పుపట్టాలి. వేసవి సెలవులకు ఊరెళితే నీళ్లు పోసేదెవరో ముందే తేల్చుకున్నవారు నిశ్చింతగా బోన్సాయ్ కొనవచ్చు. ఆ ఏర్పాటు లేనివారికి పెరట్లో కరివేపాకు మొక్క మేలు.