దిద్దే హక్కు ఎవరిది?

తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్ పేజీలను కంప్యూటరే చదివి అక్షరాలుగా మారుస్తుంది. అప్పుడు 'ధ' పోయి 'థ' వస్తుంది, ఒత్తులు ఎగిరిపోతాయి. వాలంటీర్లు అచ్చుపేజీ బొమ్మను పక్కన పెట్టుకుని దిద్దుతారు. సెలవుల్లో నేనూ దిద్దాను. పేజీకి అరగంట! చూడలేక మా అన్న ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాడు. ఒక్క మీట నొక్కితే తెలిసిన తప్పులన్నీ పోతాయి. భలే సంతోషపడ్డాను.

కానీ అది అరసున్నలను కూడా తీసేసింది. 'ఏఁడు' అంటే సంవత్సరం, 'ఏడు' అంటే అంకె. రెండూ ఒకటైపోయాయి. "ఇప్పుడెవరు రాస్తారు, పోతే పోనీలే" అన్నాడు అన్న. నేను ఒప్పుకోలేదు. మా హోసూరులో అవ్వ 'బిన్నా రా' అని పిలుస్తుంది. ఆ మాట ఏ పుస్తకంలోనైనా ఉంటే ప్రోగ్రాం దాన్నీ తప్పనే అంటుంది. అవ్వ మాట తప్పా?

అట్లని ప్రోగ్రాం వద్దనను, అది లేకుంటే పుస్తకం ఎప్పటికి ముగిసేను? అందుకే, "నువ్వు దిద్దొద్దు, అనుమానం ఉన్న చోట రంగు వేసి చూపించు, బొమ్మ చూసి నేను దిద్దుతా" అన్నాను. ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులో ఉంటుంది, ఇంకొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. ఆ రెండో మనిషి నన్ను నమ్మే కదా చూస్తారు. మీట నొక్కింది నేను, నెపం ప్రోగ్రాం మీద వేస్తే ఎట్లా?

ఆ 12 పేజీలను ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చూస్తున్నాను.