తొండా, నీ ఊరేది?

మా పెరటి ప్రహరీగోడ మీద ఒక తొండ కాపురముంటోంది. ఎండ కాస్త చురుక్కుమనగానే వచ్చి కూచుంటుంది. మెడ ఎర్రగా చేసుకుని, తలకాయ పైకీ కిందికీ ఆడిస్తూ, నేను బట్టలారేస్తున్నంతసేపూ నా పనికి వంకలు పెడుతున్నట్టే చూస్తుంది. పక్కింటి పిలకాయలు రాయి పుచ్చుకుంటే, "దాని జోలికెందుకురా, దాని మానాన అదుంది" అని కేకలేస్తాను. అంతకుమించి మా ఇద్దరికీ పరిచయం లేదు. బల్లితోనైతే కాస్త దగ్గర సంబంధమే. మీద పడిందంటే పంచాంగం తీసి ఎక్కడ పడితే ఏం ఫలమో చూసుకోవడం, కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళనోసారి తాకి రావడం, ఇవన్నీ మన ఇళ్ళల్లో ఉన్నవే కదూ. అందులో నమ్మకమెంతో, అలవాటెంతో నన్నడక్కండి.

అలాంటి నన్ను పట్టుకుని, బల్లిజాతిదే అయిన ఒక జీవి చావుబతుకుల మీద తీర్పు చెప్పమన్నారు. నేనుండేది సూళ్లూరుపేటలో. అదున్నది ఫ్లోరిడాలో.

మా అమ్మాయి వాళ్ళుండేది మయామీకి ఉత్తరాన. ఇంటి వెనక కాలవ, కాలవగట్టున చిన్న పెరడు. ఊరుగాని ఊళ్ళో పూజకి పువ్వులకేం చేస్తామని నాలుగు మందారాలు వేసుకుంది పాపం. మొగ్గ విచ్చేలోపల మాయం. ఎవరబ్బా ఈ దొంగ అని కాపు కాస్తే, ఉడుమంత ప్రాణి, పచ్చగా, వీపు పొడుగునా రంపం పళ్ళలా ముళ్ళు, గట్టు మీద తాపీగా కూచుని మందారాలు నములుతోందట. దాని పేరు ఇగ్వానా. పుట్టిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవులు. ఎదిగితే అయిదడుగుల పైమాటే. ఒక్క కాన్పుకి డెబ్భై గుడ్ల దాకా పెట్టగలదు. మందారమంటే దానికి మనకి పనసతొనంత ఇష్టం. పువ్వులతో ఊరుకున్నా బాగుండును, గట్టులో బొరియలు తవ్వి కాలవగోడలు కుంగేలా చేస్తుంది కూడాను.

2020 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, అక్కడ గట్టి చలి పెట్టింది. మయామీ వాతావరణ కార్యాలయం వాళ్ళు 21వ తేదీన ఒక ప్రకటన చేశారు. రాత్రి చెట్ల మీంచి ఇగ్వానాలు రాలిపడితే ఆశ్చర్యపోకండి అని! వినడానికి నవ్వులాటగా ఉన్నా సంగతి నిజమే. ఈ జాతికి ఒంట్లో వేడి తనంతట తాను పుట్టదు. ఎండ కాచుకుంటేనే కదలిక. నాలుగైదు డిగ్రీల చలి తగిలేసరికి కొయ్యబారిపోయి, కొమ్మ పట్టు జారి కింద పడతాయి. చచ్చిపోయినట్టే ఉంటాయి గానీ చావవు. ఎండ పొడ తగిలాక మెల్లిగా లేచి వెళ్ళిపోతాయి.

మర్నాడు నేను దీపం పెట్టే వేళకి, అంటే వాళ్ళకి తెల్లవారిన వేళకి, అమ్మాయి ఫోను.

"అమ్మా, ఆ మందారాల దొంగ పెరట్లో పడి ఉంది. వెల్లకిలా. ఇదే అదను, సంచిలో వేసి పట్టేవాళ్ళకిచ్చేద్దామంటున్నారు ఆయన. వాళ్ళు తీసుకెళ్ళి చంపేస్తారు. ఏం చెయ్యమంటావు?"

"పాపం, దూరంగా ఎక్కడైనా వదిలిపెట్టి రండే" అన్నాను వెంటనే. మనకి నోటికొచ్చే మాట అదే కదా. పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలిరావడం మనమెరుగుదుము.

"అది నేరమమ్మా. పట్టుకున్నదాన్ని ఇంకోచోట వదలకూడదు. చంపితే మాత్రం తప్పు లేదు. బాధపెట్టకుండా చంపాలంతే."

చూశారా తిరకాసు! దయతో చేసే పని నేరమైంది, చంపడం ధర్మమైంది. "ఎండ వచ్చేలోపల చెప్పమ్మా" అంది. నా మనసు మాత్రం ముందు మహాభారతం వైపే పోయింది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని రాత్రివేళ చంపిన అశ్వత్థామని మనవాళ్ళు ఇప్పటికీ క్షమించలేదు. శత్రువైనా సరే, ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నవాడి మీద చెయ్యెత్తకూడదని చిన్నప్పుడు విన్న మాట ఎముకల్లోకి ఇంకిపోయింది. "ఇప్పుడొద్దులే" అనబోయాను.

అనేదాన్నే. కానీ అంతకుముందు మా అమ్మాయే చెప్పిన ఇంకో ముచ్చట అడ్డం పడింది.

ఫ్లోరిడా కొసన ఉన్న లంకల్లో మయామీ బ్లూ అనే చిన్న నీలిసీతాకోకచిలుక ఉంది. ఇక లేదనుకున్నది 1999లో బహియా హోండా అనే లంకలో మళ్ళీ కనపడింది. అక్కడ అది గుడ్లు పెట్టేది దేని మీదనుకున్నారు? గచ్చచెట్టు మీద. మనం చిన్నప్పుడు మెట్ల మీద కూచుని ఎగరేసి పట్టుకుంటూ ఆడుకున్న గచ్చకాయల చెట్టే. సముద్రం ఒడ్డున చాలా దేశాల్లో మొలుస్తుందది. ఆ చెట్టు లేతచిగుళ్ళని ఇగ్వానాలు మేసేశాయి. చిగురుతో పాటే గుడ్లూ, పురుగులూ. 2010లో ఆ లంకలో ఆ చిలుక కనుమరుగైంది. ఆ ఏడాది చలీ, ఇగ్వానాల మేతా రెండూ కారణాలంటారు. మరి ఆ సీతాకోకచిలుకకి వెళ్ళడానికి ఇంకో ఊరేదీ? నేను ఇగ్వానాని చూసి అయ్యోపాపం అన్నానంటే అది కళ్ళకి కనిపిస్తోంది గనక. కనబడనిదాని మీద జాలి పుట్టడం కష్టం. నా దయ ఎంతమేరకు దయో, ఎంతమేరకు చేతులకి మట్టంటకుండా చూసుకోవడమో అప్పుడే అనుమానమొచ్చింది.

ఆ చెడు జంతువు పరదేశానిది, మన తొండా బల్లీ మంచివి అనుకునేరు. కాదుట. మన గోడ మీది తొండే సుమారు 1900లో జావా నుంచి వచ్చిన చెరకు ముక్కల్లో కలిసి మారిషస్ చేరిందంటారు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ చెరకు తోటల కోసమే మనవాళ్ళు కోరంగి రేవులో ఓడలెక్కి ఆ దీవికి వెళ్ళారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళకి కోరంగివాళ్ళనే పేరు పడింది. ఇక మన పంచాంగంలో చోటు సంపాదించిన ఇంటిబల్లి ఏం చేసిందంటే, ఆ దీవికే సొంతమైన రాత్రి బల్లుల్ని పెద్దదీవి మీద బతకనివ్వలేదు. అవిప్పుడు చుట్టూ ఉన్న చిన్న లంకల్లో తల దాచుకున్నాయి. ఫ్లోరిడాలో కూడా 1970ల చివర ఒక జంతువుల వ్యాపారి దగ్గర్నుంచి బయటపడ్డ తొండలు పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. మనింట్లో "దాని మానాన అదుంది" అని నేను వెనకేసుకొచ్చేది, అక్కడికి వెళితే దొంగల జాబితాలో ఉంది.

తొండలోనేమన్నా తేడా ఉందా? ఇక్కడా పురుగుల్నే తింటుంది, అక్కడా పురుగుల్నే తింటుంది. ఇక్కడైతే దాన్ని ఎత్తుకుపోయే డేగా, మింగే పామూ దానికి లెక్క సరిచేస్తూ ఉంటాయి. దానికి భయపడడం తెలిసిన చిన్న ప్రాణులున్నాయి. అక్కడ ఆ లెక్కే లేదు. అంతే. మరి నేరమెవరిది? జానెడు పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటపడి ఇగ్వానాని సంతలో కొనుక్కున్నవాడిది. తొండ ముదిరితే ఊసరవెల్లి అన్నారు మనవాళ్ళు. అక్కడది ముదిరేసరికి ముద్దు తీరిపోయింది. అయిదడుగులయ్యాక పంజరం చాలక కాలవగట్టున వదిలేసి, పుణ్యం చేశాననుకుని ఇంటికి పోయాడు. "దూరంగా వదిలి రండే" అన్న నా మాటకీ ఆ పనికీ ఎంత దూరముందో మీరే చెప్పండి.

బయటినుంచి వచ్చింది కాబట్టి పోవాలి అనే మాట మాత్రం నా గొంతు దిగదు. ఎందుకు దిగుతుంది? నేనూ ఈ ఊళ్ళో బయటిదాన్నే. మావారికి షార్‌లో ఉద్యోగం కాబట్టి వచ్చాం. శ్రీహరికోటని రాకెట్ల కోసం 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. అంతకుముందు ఆ దీవి అడవిలో దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికిన యానాదుల కుటుంబాలెన్నో కదలాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరినప్పుడల్లా మేడెక్కి చప్పట్లు కొట్టాను గానీ, ఆ సంగతి చాలా ఏళ్ళు తలుచుకోలేదు. మనుషుల్ని బల్లులతో పోల్చకూడదు, తెలుసు. మనిషికి మాట ఉంది, పక్కవాడి గోడు వినగల చెవి ఉంది, చేసిన నష్టం పూడ్చగల చెయ్యి ఉంది. అవేవీ ఇగ్వానాకి లేవు గనకనే దాని తరఫున ఆలోచించే భారం మన మీద పడింది.

మా చెంగాళమ్మ గుడికి రాత్రీ పగలూ తలుపు వెయ్యరు. ఎవరైనా రావచ్చు. ఏటా చలికాలంలో నేలపట్టు చెరువుకి గూడబాతులొస్తాయి, పులికాట్‌కి ఫ్లెమింగోలొస్తాయి. వాటిని పరాయివని ఎవరూ అనరు. తమంతట తామే రెక్కల మీద వస్తాయి, వేళకి వెళ్ళిపోతాయి. చెరువులో పడ్డ వాటి రెట్ట పొలానికి ఎరువంటారు నేలపట్టు రైతులు. ఇగ్వానాకి ఆ భాగ్యం లేదు. తెచ్చి దింపినవాళ్ళే గాని తిరిగి దిగబెట్టేవాళ్ళు లేరు.

"అమ్మా, ఉన్నావా?" అంది అమ్మాయి. ఆలోచనలో పడి జవాబు చెప్పడం మరిచాను.

"సంచిలో వేయించు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అల్లుడుగారిని మాత్రం కొట్టనివ్వకు. ఆ పని తెలిసినవాళ్ళనే పిలవండి. మందారాలు తింది కాబట్టి అని కూడా అనుకోకు. మందారాలదేముందే, అంగట్లో దొరుకుతాయి."

"అశ్వత్థామ అంటావేమో అనుకున్నానమ్మా" అంది. నా కూతురే కదా మరి.

"అనాలనే అనుకున్నాను" అన్నాను.

రాత్రి పొద్దుపోయాక మళ్ళీ చేసింది. వాళ్ళొచ్చి తీసుకెళ్ళారట. ఎత్తుతున్నప్పుడు దాని కళ్ళు తెరుచుకునే ఉన్నాయట. ఫొటో పంపనా అంది. వద్దన్నాను. పూజ చేసుకున్నావా అనడిగితే, ఇవాళ దీపం మాత్రం పెట్టానంది.