కడుపులో బిడ్డ పోతే అది ఎవరి పాపం? ఉత్తర కథ, సమ్మక్క తల్లి, ఒక గుండె జబ్బు

ఈ వారం వీడియోలో మహాభారతం అశ్వమేధ పర్వంలోని ఉత్తర కథ చెప్పుకున్నాం. సమయం చాలక అక్కడ వదిలేసిన ఒక ప్రశ్నను ఇక్కడ రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు.

కథ మీకు తెలిసిందే. అశ్వత్థామ అస్త్రం ఉత్తర గర్భం మీదికి వచ్చింది. భారతంలో ఆ బిడ్డ ప్రాణం లేకుండానే పుడతాడు. పుట్టాడన్న సంబరం మొదలై అంతలోనే ఆగిపోతుంది. కుంతి, సుభద్ర కృష్ణుణ్ణి వేడుకుంటారు. ఉత్తర బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంది. కృష్ణుడు తన సత్యం మీద ఆన పెట్టి బిడ్డను బతికిస్తాడు. మన ఓరుగల్లు సీమ కవి పోతన భాగవతంలో కథ కొంచెం వేరు. అక్కడ భగవంతుడు కడుపు లోపలే ఉండి బిడ్డను కాపాడతాడు. రెండు చోట్లా నాకు పెద్దగా కనిపించేది ఒక్కటే. అంత పెద్ద రాజకుటుంబంలో ఒక్కరు కూడా "నువ్వేం చేశావమ్మా, నీ కడుపుకే ఇలా ఎందుకైంది" అని ఉత్తరను అడగలేదు. అప్పటికే ఆమె భర్త, తండ్రి, అన్నదమ్ములు యుద్ధంలో పోయారు. నష్టజాతకురాలు అనడానికి ఈ లోకానికి అంతకంటే ఏం కావాలి? అయినా అనలేదు. అస్త్రం వేసినవాడెవరో వాళ్లకు తెలుసు.

మరి అస్త్రం ఎవరు వేశారో తెలియనప్పుడు? తొమ్మిదో నెల. నిన్నటి దాకా తన్నిన బిడ్డ ఈరోజు కదలట్లేదు. స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం లేదు. డాక్టర్‌కు కూడా వెంటనే కారణం తెలియదు. ఆ ఖాళీని మనం మాటలతో నింపేస్తాం. గ్రహణం రోజు బయట తిరిగింది, పొద్దు పోయాక చెట్టు కిందికి పోయింది, మొక్కు తీర్చలేదు.

మన ములుగు ప్రాంతంలో ఈ చివరి మాట ఎక్కువ బరువుగా పడుతుంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర. సారలమ్మను కన్నెపల్లి నుంచి గద్దెకు తెచ్చేటప్పుడు, పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో దారిలో పడుకుంటారు. తల్లిని మోసుకొచ్చే పూజారి తమను దాటి వెళితే సంతానం కలుగుతుందని నమ్మకం. మంగపేట దగ్గర మల్లూరు నరసింహస్వామి నాభి చందనం కోసం కూడా ఇదే ఆశతో వస్తారు. అంత ఆశపడి మోసిన బిడ్డ పోయినప్పుడు, "బంగారం ఇయ్యకపోతివి, తల్లికి కోపమొచ్చింది" అని ఒక్కరు అన్నా చాలు. ఆ మాట ఆ అమ్మాయితో జీవితమంతా ఉంటుంది.

ఇంతకీ సమ్మక్క ఎవరండీ? కరువులో కప్పం కట్టలేమన్న జనం కోసం కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచిన తల్లి. ఆ పోరులో భర్త పగిడిద్దరాజు పోయాడు. కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ పోయారు. కొడుకు జంపన్న దెబ్బలు తగిలి సంపెంగ వాగులో పడ్డాడు, అదే నేటి జంపన్న వాగు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి మనం మొక్కుతున్నాం. అటువంటి తల్లి, బెల్లం ఇవ్వలేదని ఇంకో తల్లి కడుపులో బిడ్డను తీసుకుంటుందా? ఈ మాట నమ్మడం భక్తి అని నేను అనుకోను.

సరే, అసలు కారణాలు ఏమిటి? మన దేశంలో 2019లో సుమారు 3 లక్షల 40 వేల బిడ్డలు ఇలా ప్రాణం లేకుండా పుట్టారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. వీటిలో చాలావాటి వెనుక తల్లికి బీపీ, షుగర్, ఇన్‌ఫెక్షన్, మాయ సరిగా పనిచేయకపోవడం, కాన్పు కష్టమైనప్పుడు సాయం ఆలస్యం కావడం లాంటివి ఉంటాయి. కాబట్టి నెలనెలా చెకప్ ముందు. అయినా కొన్నిసార్లు ఇవేవీ ఉండవు. బిడ్డ చక్కగా ఎదిగి ఉంటుంది, మాయ బాగుంటుంది, శరీరాన్ని పరీక్షించినా ఏమీ దొరకదు.

అలాంటి కొన్ని మరణాలకు బిడ్డ గుండెలోని కరెంటు కారణం కావచ్చని ఇప్పుడు తెలుస్తోంది. గుండె ఒక్కో దెబ్బ కొట్టాక మళ్లీ చార్జ్ అవ్వాలి. గుండె కణాల్లో పొటాషియం, సోడియం వచ్చిపోయే సన్నని ద్వారాలు ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువులో మార్పు ఉంటే ఆ చార్జింగ్ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి లయ తప్పి గుండె ఆగిపోతుంది. దీన్ని లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అంటారు. గుండె ఆకారం మామూలుగానే ఉంటుంది కాబట్టి చూస్తే తెలియదు. ఇటలీ, అమెరికా పరిశోధకులు కలిసి, కారణం తెలియకుండా కడుపులోనే పోయిన 91 మంది బిడ్డల జన్యువులు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ముగ్గురిలో ఈ జబ్బుకు సంబంధించిన మార్పులు దొరికాయి. ఇంకో ఐదుగురిలో గుండె లయను చెడగొట్టగలవని అనుమానించదగ్గ మార్పులు కనిపించాయి. చిన్న సంఖ్యే. కానీ ఆ తల్లులకు ఒక జవాబు దొరికే అవకాశం ఉందన్నమాట.

ఇక్కడే అసలు ధర్మసంకటం మొదలవుతుంది. జన్యువు అనగానే మనవాళ్ల తర్వాతి ప్రశ్న: "ఎవరి వైపు నుంచి వచ్చింది?" ఈ మార్పు తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఎవరిలో ఉన్నా ప్రతి కాన్పులో బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. కొన్నిసార్లు అమ్మానాన్నల్లో ఎవరికీ ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. నిన్నటిదాకా "మొక్కు తీర్చలేదు" అన్న నోరే రేపు రిపోర్టు పట్టుకుని "మీ అమ్మాయి రక్తంలోనే ఉంది" అంటే, మనం ఏం నేర్చుకున్నట్టు? నింద పాతదే, పేరు మాత్రం ఇంగ్లీషులోకి మారింది. కారణం వేరు, తప్పు వేరు. తప్పు అనాలంటే తెలిసి చేసి ఉండాలి. ఈ జన్యువును ఎవరూ ఎంచుకోలేదు, చాలామందికి తమలో ఉందని కూడా తెలియదు.

దీనికి మన హైదరాబాద్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యు లోపాన్ని బయటపెట్టారు. అది నూటికి సుమారు నలుగురు భారతీయుల్లో ఉంది. అది ఎక్కువగా నడివయసు దాటాక గుండెను బలహీనపరిచేది, కడుపులో బిడ్డల సంగతి వేరు. కానీ గుడి క్యూలో వందమంది నిలబడితే అందులో ఏ నలుగురో దాన్ని మోస్తున్నారు. వాళ్లను పాపాత్ములు అందామా?

"ఆ జన్యువు ఆ బిడ్డకే ఎందుకు చేరింది, అది కర్మ కాదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగదగ్గ ప్రశ్నే. కర్మ గతి తెలుసుకోవడం కష్టమని గీతలో భగవంతుడే చెప్పాడు. ఆయనే అలా అంటే, ఇంకొకరి లెక్క మనకు తెలుసని ఎలా చెబుతాం? కర్మ సిద్ధాంతం నా నడవడిక నేను సరిచూసుకోవడానికి. ఆ తల్లే "నేను ఏ జన్మలో ఏం చేశానో" అని ఏడిస్తే ఏం చెప్పాలి? ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. బిడ్డను చూడాలని అడిగితే చూడనివ్వండి. మన ఇళ్లలో తల్లికి చూపించకుండానే తీసుకెళ్లి పాతిపెట్టే తొందర ఉంటుంది. అది దయ అనుకుంటాం. ఉత్తర తన బిడ్డను ఒళ్లో పెట్టుకునే ఏడ్చింది కదా.

ఇంకో సంగతి. బొడ్డుతాడులోంచి, మాయలోంచి చిన్న ముక్క పరీక్షకు ఇస్తే ఖననానికి, కర్మకు ఏ లోపమూ రాదు. కారణం తెలియకపోతే ఖననానికి ముందే డాక్టర్‌ను ఈ విషయం అడగండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా, పరుగెత్తినప్పుడో భయపడినప్పుడో స్పృహ తప్పేవాళ్లు ఉన్నారా, మూర్ఛ అని మందులు వాడినా తగ్గనివాళ్లు ఉన్నారా, పుట్టు చెవుడు ఉందా, ఇవన్నీ చెప్పండి. మేనరికమైతే అదీ దాచకండి. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే రకం ఈ జబ్బుకు రెండు వైపుల నుంచీ మార్పు రావాలి, దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ. అమ్మానాన్నలిద్దరూ ఈసీజీ తీయించుకోవాలి. అది చిన్న పరీక్ష, నొప్పి ఉండదు. ఒక్కసారి బాగుందని వస్తే జబ్బు లేదని తేలిపోయినట్టు కాదు, గుండె డాక్టర్‌కు కూడా చూపించాలి. జన్యు పరీక్ష అవసరమా అన్నది హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగం లాంటి చోట మాట్లాడి తేల్చుకోవచ్చు. జబ్బు ఉందని తేలితే రోజూ వేసుకునే మందులు ఉన్నాయి, వాడకూడని మందుల జాబితా ఇస్తారు, వచ్చే కాన్పులో బిడ్డ గుండె వేగాన్ని ముందునుంచీ గమనిస్తారు.

పరీక్షకు వెళ్లేటప్పుడు అబ్బాయి కూడా వెళ్లాలి. అమ్మాయిని ఒక్కదాన్నే పంపకండి.