దాచుకున్న దమ్ము

పరుగు పందెంలో కావాలని మెల్లగా ఉరకడం తప్పా?

మన మీద ఇన్ని పెద్ద పెద్ద బండలు పడుతుంటే ఈ పరుగు పందెం సంగతేందని మీరు అడగొచ్చు. ఆ బండల గురించి ఈ పుస్తకంలో మిగతావాళ్లు రాస్తారు. నాకు మాత్రం ముస్లింగా నేనెవరో మొదటిసారి తెలిసింది ఒక సున్నపు గీత మీదే. అందుకని దాని గురించే రాస్తున్నాను.

1975 సెప్టెంబర్. రంజాన్ నెల. ఎమర్జెన్సీ పెట్టి మూడు నెలలు. సిద్దిపేట అప్పుడు మెదక్ జిల్లాలో ఒక తాలూకా ఊరు. నేను పదో తరగతి. చుట్టుపక్కల బడుల పిల్లలందరికీ మా ఊళ్లో ఆటల పోటీలు పెట్టారు. డ్రిల్లు సారు నా పేరు మూడు పందేలకు రాశాడు. పొద్దున 3000 మీటర్లు, పగటిపూట 1500, సాయంత్రం 800. మొదటి స్థానానికి 5 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 1. షీల్డు గెలవాలంటే పాయింట్లు కావాలి. మా బడిలో దూరం ఉరికేవాణ్ని నేనొక్కణ్నే.

ట్రాకంటే 200 మీటర్ల సున్నపు గీత. 3000 అంటే 15 రౌండ్లు, 1500 అంటే ఏడున్నర, 800 అంటే నాలుగు. అన్నీ కలిపితే 5 కిలోమీటర్ల 300 మీటర్లు. అదేం చంపే దూరం కాదు. చంపేది మధ్యలో ఉండే ఖాళీ. ఒళ్లు వేడెక్కి, చల్లబడి, పిక్కలు బిగుసుకుపోయాక మళ్లీ లేచి ఉరకమంటే అప్పుడు తెలుస్తుంది. పైగా మూడు పందేలకూ మూడు గుణాలు. 3000కి ఊపిరి కావాలి. 800కి తొడల్లో మంట పుడుతున్నా కాలు ఆపని మొండితనం కావాలి. నడుమ 1500కి రెండూ కావాలి. దాన్ని పూర్తిగా ఉరికినవాడికి సాయంత్రం 800లో కాళ్లు మాట వినవు.

ఆ రోజు తెల్లవారుజామున సెహ్రీకి లేపి, నా మొహం చూసి, "ఇయ్యాల రోజా రెహ్‌నే దే బేటా, పరుగులున్నయంటివి గదా, తర్వాత ఖజా పెట్టుకుందువు" అంది అమ్మీ. చేటలో తునికాకు కత్తిరింపులు, పక్కన తంబాకు. రంజాన్‌లో కూడా ఆమెకు రోజుకు వెయ్యి బీడీల లెక్క తప్పేది కాదు. అంత పనిచేస్తూ తాను రోజా ఉండేది, నాకు వద్దంది. నేనే వినలేదు. భక్తి కాదు. మొహల్లా పిల్లల ముందు తక్కువైపోతానని.

3000 గెలిచాను. మిగతావాళ్లు మొదటి ఐదు రౌండ్లలోనే దమ్ము ఖర్చు చేసుకున్నారు.

ఇక 1500. ఇంకో బడి పిల్లవాడొకడు నాకంటే మంచివాడు. అతణ్ని కొట్టలేనని నాకు తెలుసు. ప్రాణం పెట్టి ఉరికితే రెండోవాణ్ని అవుతాను, 3 పాయింట్లు. కానీ 800 పోతుంది. ఒళ్లు కాపాడుకుని మూడోవాడిగా వస్తే 1 పాయింటు, సాయంత్రం 5 పాయింట్లకు ఆశ ఉంటుంది. రెండు వదులుకుని ఐదుకు కాచుకోవడం. కిరాణా కొట్టువాడికైనా అర్థమయ్యే లెక్క. మూడోవాడిగా వచ్చాను. నా వెనక వచ్చినవాడు నేను ప్రాణం పెట్టి ఉరికినా వెనకే ఉండేవాడు. ఎవరి నోటి దగ్గర కూడూ నేను లాక్కోలేదు.

గీత దాటి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాను. వెనక రెండు మాటలు వినబడ్డాయి. "పాపం, ఉపాసముండి ఉరుకుతుండు, ఎంతకని గుంజుతడు" అన్నారొకరు. "వీళ్లంతే, దేనికీ మనసు పెట్టరు" అన్నారింకొకరు. ఇద్దరూ పెద్దవాళ్లే. ఇద్దరూ చూసింది ఒకే పరుగు. ఒకరికి అందులో నా మతం జాలిగా కనబడింది, ఇంకొకరికి అనుమానంగా కనబడింది. నా లెక్క మాత్రం ఇద్దరికీ కనబడలేదు.

అదే రోజు ఇంకో పిల్లవాడు 800 కోసమని 1500లో అసలు దిగనే లేదు. పేరిచ్చి, పిలిచినప్పుడు లేచి రాలేదు. వాణ్ని అందరూ "హుషారు పిలగాడు" అన్నారు. నేను చేసిందీ అదే. కాకపోతే నేను ఏడున్నర రౌండ్లు ఉరికి మరీ చేశాను. వాడి తెలివి వాడిదే. నా తెలివికి మాత్రం మధ్యలో ఖురాన్ అడ్డం వచ్చింది.

ఇక్కడిదాకా నేను బాధితుణ్ని. ఇక్కణ్నుంచి కాదు.

1500 అయ్యాక దూప ఆగలేదు. వానలు తెరిపిచ్చి ఒకటే ఉక్కపోత. బడి వెనక బోరింగు దగ్గరికి పోయి, ఒక చేత్తో కొడుతూ ఇంకో చేత్తో పట్టి, కడుపు నిండా తాగాను. తలెత్తేసరికి గోడ పక్కన మా క్లాసువాడు, నా దోస్తు, నిలబడి ఉన్నాడు. చూశాడు. ఏమీ అనలేదు. వచ్చి బోరింగు కొట్టాడు, నేను రెండు చేతులా మళ్లీ తాగాను.

800కి ముందు మైకులో నా పేరు చెప్పారు. "ఈ పిల్లవాడు మంచినీళ్లు కూడా ముట్టకుండా మూడో పందెంలో దిగుతున్నాడు" అన్నారు. గ్రౌండంతా చప్పట్లు. చెయ్యెత్తి "లేదు సార్, తాగిన" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఉరికాను, గెలిచాను. షీల్డు మా బడికే వచ్చింది. ఆ సాయంత్రం ఇఫ్తార్ దగ్గర మసీదులో పెద్దమనిషి ఒకాయన నా చేతిలో ఇంకో రెండు ఖర్జూరాలు పెట్టి, దీన్ పేరు నిలబెట్టావన్నాడు. తిన్నాను.

ఇప్పుడు చెప్పండి. ఆ రోజు నేను ఆడిన అబద్ధం ఏది? మెల్లగా ఉరకడమా, చప్పట్లు అందుకోవడమా?

మెల్లగా ఉరకడమే నేరమని ఆటల చట్టం కూడా ఒక చోట అంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్ జరిగింది కూడా రంజాన్‌లోనే. అల్జీరియావాడు తౌఫీక్ మఖ్లూఫీ 1500 ఫైనల్ చేరాడు. కానీ వాళ్ల దేశం వాళ్లు 800 నుంచి అతని పేరు సమయానికి తియ్యలేదు. ఆగస్టు 6న 800 మొదటి దశలో దిగక తప్పలేదు. కొంత దూరం ఉరికి, ఆగిపోయి, ట్రాకు దాటి నడిచి పోయాడు. నిజాయితీగా ప్రయత్నించలేదని రెఫరీ అతణ్ని మిగతా పోటీలన్నిటి నుంచీ తీసేశాడు. తర్వాత డాక్టరు మోకాలు బాగాలేదని కాగితం రాసిచ్చాక మళ్లీ రానిచ్చారు. మర్నాడు, ఆగస్టు 7న, 1500లో బంగారు పతకం కొట్టాడు. ప్రపంచమంతా ఆ మోకాలి మీద జోకులు వేసింది.

మోకాలి సంగతి ఆయనకే తెలుసు. నన్ను పట్టుకున్నది ఆ కాగితం. "రేపటి పందెం కోసం దమ్ము దాచుకుంటున్నాను" అంటే చట్టం ఒప్పుకోదు. "నొప్పి" అంటే ఒప్పుకుంటుంది. నిజాయితీ కోసం పెట్టిన నియమం మనిషిని సాకు వెతుక్కోమంటుంది. చట్టానికీ దాని కారణం ఉంది, కాదనను. డబ్బులిచ్చి చూడ్డానికి వచ్చినవాళ్లున్నారు, పక్క గీతల్లో ఉరికేవాళ్లున్నారు. అయినా 1924లో పారిస్‌లో ఫిన్లండ్‌వాడు పావో నూర్మి జూలై 10న ఒక్కరోజే 1500, 5000 రెండూ గెలిచినప్పుడు, మొదటిదాంట్లో చివర ఊపు తగ్గించి ఒళ్లు దాచుకున్నాడని మెచ్చుకుంటూ రాశారు. గెలుస్తూ దాచుకుంటే నేర్పు, ఓడుతూ దాచుకుంటే మోసం. (అదే నూర్మిని 10,000లో దిగనివ్వకుండా వాళ్ల అధికారులే ఆపారు. ఇంటికి పోయి ఆ ఏడే ఆ దూరంలో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఎవడి దమ్ము ఎంతో లెక్క కట్టే హక్కు ఎవడిదన్న తగాదా మన ఒక్కళ్లదే కాదు.)

మఖ్లూఫీకి మోకాలు దొరికింది. నాకు రోజా దొరికింది. తేడా ఏమంటే నేను అడగలేదు, ఊరే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఊరికి అలసిన పిల్లవాడు అక్కర్లేదు, లెక్కలేసే పిల్లవాడూ అక్కర్లేదు. ఉపవాసముండి ఉరికే సాయిబుల పోరడు కావాలి, లేకుంటే మనసు పెట్టని సాయిబుల పోరడు కావాలి. మైకుకూ మసీదుకూ ఆ ఒక్క సాయంత్రం మాట కలిసింది. ఆ రెండింటి మధ్య దూప అయిన ఒక మామూలు పిల్లవాడికి జాగా లేకుండా పోయింది. ఇది నిజం. కానీ జాగా లేదని నేను అబద్ధంలో ఇల్లు కట్టుకున్నాను. అదీ నిజం.

తర్వాత బతుకంతా అవే పందేలు. 1986 ఏప్రిల్‌లో షార్జాలో చివరి బంతికి మియాందాద్ సిక్సర్ కొట్టిన రాత్రి మా గల్లీలో తలుపులు తొందరగా మూసుకున్నాయి. మర్నాడు ఆఫీసులో అందరికంటే ఒక పాలు ఎక్కువ దిగులు పడ్డాను. దిగులు నిజమే, ఆ ఎక్కువ పాలు నిజం కాదు. ఇంకెవరైనా క్రికెట్ చూడలేదంటే చూడలేదనే. నేను చూడలేదంటే దానికో అర్థం. ఒక పందెంలో ఊపిరి పీల్చుకుందామంటే లేదు, ప్రతి రౌండూ చివరి రౌండే. 1975లో చప్పట్లను నేను వద్దని ఉంటే ఈ అలవాటు నాకు వచ్చేదా అని చాలాసార్లు అనుకున్నాను.

అమ్మీకి ఆ నీళ్ల సంగతి ఎన్నడూ చెప్పలేదు. రంజాన్‌లో రోజా ఉండి కావాలని తాగితే ఒక్క ఖజాతో సరిపోదు, కఫ్ఫారా ఉంటుందని, వరుసగా 60 రోజుల ఉపవాసమో, అది చేతకాకపోతే 60 మంది పేదలకు అన్నమో అని తర్వాతెప్పుడో చదివి భయపడ్డాను. ఉద్యోగం వచ్చిన రెండో ఏడు అన్నం పెట్టించాను. ఎందుకని అడిగితే మొక్కు అన్నాను. అది ఇంకో అబద్ధం.

నా దోస్తుకు మాత్రం చెప్పాల్సిన పని లేదు. వాడు ఇప్పటికీ సిద్దిపేటలోనే ఉన్నాడు. పొద్దున్నే ఇద్దరం కోమటిచెరువు కట్ట మీద నడుస్తాం. చాలా ఏళ్ల కింద ఒకసారి నేనే ఆ సంగతి ఎత్తాను. "నీకు దూపైంది, తాగినవ్. నేను చూసిన. దాంట్ల ఏముందిరా?" అన్నాడు. కొంచెం దూరం నడిచాక తనే మళ్లీ, "మైకుల చెప్పినప్పుడు మాత్రం నా దిక్కు చూస్తవేమో అనుకున్న. చూడలే నువ్వు" అన్నాడు.

పోయిన రంజాన్‌లో కట్ట మీద నాకు కళ్లు తిరిగినట్టయింది. షుగరుందని డాక్టరు రోజా వద్దన్నాడు. రోజుకొక పేదవాడి అన్నం లెక్కగట్టి ఫిదియా ఇస్తున్నాను. బెంచీ మీద కూర్చుని సంచిలోంచి సీసా తీశాను. మా మొహల్లా కుర్రాళ్లు ఇద్దరు ఎదురుగా వస్తున్నారు. చెయ్యి దానంతటదే సీసాను సంచిలోకి నెట్టబోయింది. నా దోస్తు ఆ చేతి దిక్కే చూస్తున్నాడు, ఏమీ అనలేదు.

మూత తీసి తాగాను. కుర్రాళ్లు సలామ్ చెప్పి పోయారు.