తక్కువ ఆశించినవారి తృప్తి

విశ్వవిద్యాలయం బాగా పనిచేస్తోందో లేదో ఎవరు చెప్పాలి? అందులో చదివే పిల్లలే చెప్పాలి అనడం న్యాయమే. కాలేజీలను, యూనివర్సిటీలను మదింపు చేసి గుర్తింపు ఇచ్చే న్యాక్ 1994లో ఏర్పడింది. 2017లో పద్ధతి మార్చినప్పుడు విద్యార్థుల తృప్తి సర్వేను కూడా చేర్చింది. అందులో ప్రశ్నలకు 4 నుంచి 0 వరకు మార్కు వేయమంది.

తృప్తిని కొలవడానికి ఒక లెక్క ఉంది. 1980లలో పరశురామన్, జైథమల్, బెర్రీ అనే పరిశోధకులు బ్యాంకుల వంటి వ్యాపారాలను చూసి దాన్ని చెప్పారు. మనిషి ఆశించినదెంత, అందినదెంత, ఆ తేడాయే సేవ నాణ్యత అన్నారు. తర్వాత ఆ లెక్క చదువులకూ వచ్చింది.

ఈ లెక్కను మన పిల్లలకు వర్తింపజేసి చూద్దాం. కోనసీమ డిగ్రీ కాలేజీలు రాజమహేంద్రవరంలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. అమలాపురంలో ఒకే తరగతిలో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారనుకుందాం. ఒకరిది రాజోలు. ఆమె అక్క కాకినాడలో ఇంజనీరింగ్ చదివింది. రెండో అమ్మాయి రంపచోడవరం ఏజెన్సీ నుంచి వచ్చింది, ఇంట్లో తనదే మొదటి డిగ్రీ. ల్యాబ్‌లో పరికరాలు చాలవని రాజోలు అమ్మాయి 2 వేస్తుంది. మాస్టారు రోజూ క్లాసుకు వస్తున్నారు, హాస్టల్లో కుళాయి ఉంది, ఇంకేం కావాలని మన అమ్మాయి 4 వేస్తుంది. ల్యాబ్ మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఏళ్ల తరబడి లేమిలో ఉన్నవారు కోరికలను కూడా లేమికి తగ్గట్టు కుదించుకుంటారని, కాబట్టి వారి సంతోషాన్ని బట్టి వారి స్థితిని తేల్చకూడదని అమర్త్యసేన్ చెప్పారు. పైగా అన్నం పెట్టిన చోట వంక పెట్టకూడదన్నది మన ఇళ్లలో నేర్పే మర్యాద. ఇంకొక మాట. మొదటి ఏడాదిలోనే చదువు మానేసి ఊరికి వెళ్లిపోయిన పిల్లవాడికి ఆ ప్రశ్నలు అందనే అందవు. అతని అసంతృప్తి ఏ సగటులోనూ చేరదు.

అలాగని పిల్లలను అడగవద్దని కాదు. అడగాలి. దాంతోపాటు ఎన్ని రోజులు పాఠం జరిగింది, ఎంతమంది చేరి ఎంతమంది మిగిలారు, ఎవరు ఎందుకు వెళ్లిపోయారు అన్నవీ లెక్కించాలి.

అడవిలో అవసరమైనంతే తెచ్చుకుని తృప్తిపడటం మన పెద్దలు ఇచ్చిన గుణం. దాన్ని వదులుకోవద్దు. కానీ అడవి ఇచ్చేది వేరు, ప్రభుత్వం బాకీపడినది వేరు. రావలసినది సగమే వచ్చినప్పుడు చాలనుకుంటే మన తర్వాత వచ్చే పిల్లలకూ ఆ సగమే మిగులుతుంది.

కాబట్టి ఉపాధ్యాయులుగా మనకొక పని ఉంది. ఇంటర్ అయిన పిల్లలను కాలేజీకి పంపేముందు కూర్చోబెట్టి లైబ్రరీ, ల్యాబ్, స్కాలర్‌షిప్, హాస్టల్, అర్థమయ్యేలా చెప్పే పాఠం, ఇవన్నీ వాళ్ల హక్కులని ఒక్కొక్కటిగా చెప్పాలి. అవి తెలిసిన పిల్ల 4 వేస్తే ఆ మార్కును నమ్మవచ్చు. 1 వేస్తే కాలేజీ వినాలి.