చదివింది ఎటు పోతుంది?

సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. మిర్యాలగూడలో మూడు సెమిస్టర్లు చదివి, పెళ్లయి కోదాడ వచ్చిన ఒక అమ్మాయి పాలిథిన్ కవర్లో మార్కుల మెమోలు పెట్టుకొచ్చి, "సార్, చదివిందంతా పోయినట్టేనా?" అని అడిగింది.

భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడి సంశయమూ ఇలాంటిదే. సాధన మధ్యలో ఆగినవాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడా? కాడన్నాడు కృష్ణుడు. మరుజన్మలో వెనుకటి సంస్కారం అందుకొని, ఆగిన చోటి నుంచే సాగుతాడు.

2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఈ న్యాయానికి దగ్గరగా ఉంది. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో ఏడేళ్ల వరకు నిలుస్తాయి, కాలేజీ మారినా వెంట వస్తాయి. పైగా ఈ మూడు ఊళ్ల డిగ్రీ కాలేజీలూ నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ పరిధిలోవే.

అయినా ఖాతాకెక్కేది పాసైన పేపరే. తప్పిన పేపరు కోసం మేలుకున్న రాత్రులను ఏ బ్యాంకూ రాసుకోదు. గీత మాత్రం ప్రయత్నాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. "మెమోలు భద్రం తల్లీ, నీ చదువు ఎక్కడికీ పోలేదు" అన్నాను. కష్టం వృథా కాకూడదన్నది ధర్మమైతే, ఊరు మారిందని ఆడపిల్లను మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చోబెట్టడం అధర్మమే.